పాత కారుకు క్రొత్త తెర

ఈనడుమ ఏ పాత బెంజికారు తలుపు తీసినను నాకు ముందుగా వచ్చునది కోపమే. అక్రోటు కఱ్ఱపలక మెఱుగు తఱుగక నిలిచియుండును. తోలుసీట్లు ఇరువదియేండ్ల యెండకు అక్కడక్కడ బీటలు వారినను ఠీవి వదలకుండును. తలుపు మూయునపుడు వినవచ్చు ఆ గంభీరనాదము నేటి కార్లలో వెదకినను దొరకదు. కాని వీని నడుమ, రేడియో యుండవలసిన చోట, పదంగుళముల గాజుపలక యొకటి తిరునాళ్ల దుకాణమువలె ధగధగలాడుచు, ఏదో పరాయి కంపెనీ చిహ్నముతో స్వాగతము పలుకుచుండును. యజమాని దానిని చూపి, "మొన్ననే పెట్టించానండీ, కారు కొత్తదైపోయింది" అని మురిసిపోవును. ఆయన సంతోషమును నేను కాదనను. ఆ మాట మాత్రము నాకు ఎన్నడును నిజమని తోచలేదు.

అయినను, తెర మార్పించుట ఖర్చుకు తగిన పనియా యను ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పదునైదిరువది యేండ్లనాటి ఖరీదైన కారు, ఆయిలు వేళకు మార్చి, బుష్షులు, హోజుపైపులు చూచుకొనుచున్నచో, ఇంకను ఎన్నియో వేల కిలోమీటర్లు నడువగలదు. దాని రేడియో మాత్రము కాలముతోపాటు నడువలేకపోయినది. దానిలోని పటమునకు హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు తెలియదు. చేతిలోని ఫోనుతో దానికి మాటలు లేవు. కార్‌ప్లే 2014లోను, ఆండ్రాయిడ్ ఆటో 2015లోను వచ్చిన పిదప, ప్రక్కింటి చిన్నకారులో ఉన్న సౌకర్యము తన పెద్దకారులో లేకపోవుట యజమానికి కొఱతగా తోచుట సహజము. నా అభిప్రాయము మాత్రము స్థిరము: కారుతో వచ్చిన సెట్టును ఊడదీయరాదు, ఆ డబ్బుతో దానినే బాగుచేయించి, ఫోనులోని పాటకు దానిలోనికే ఒక దారి కల్పింపవలెను.

దీనికి కారణము తెలియవలెనన్నచో 2002లో వెలువడిన ఈ-క్లాసును, మెకానిక్కులు డబ్ల్యూ 211 అని పిలుచు బండిని, చూడవలెను. దానిలో రేడియో, సీడీ ఛేంజరు, ఆంప్లిఫయరు, టెలిఫోను పెట్టె మొదలైనవి ఒకదానితో నొకటి మాటలాడుకొనుటకు రాగితీగ గాక ప్లాస్టికు కాంతితంతువు వలయాకారముగా అమర్పబడినది. ఆ పద్ధతికి మోస్ట్ అని పేరు. విజయవాడ ఆటోనగరులో ఒక ఎలక్ట్రీషియను, డిక్కీ ప్రక్క అట్ట తొలగించి, ఆ కనెక్టరు ఊడదీసి నాకు చూపినాడు: మిల్లీమీటరు లావున్న తంతువు కొనయందు కెంపువన్నె వెలుగొకటి నిలిచియున్నది. "ఇది అన్ని పెట్టెల్లోనుంచీ తిరిగి రావాలండి. మధ్యలో ఒక్కటి చచ్చిందా, మొత్తం మూగబోద్ది" అని ఆయన చెప్పిన మాటలో ఆ శాస్త్రమంతయు ఇమిడియున్నది. చెడిన పెట్టెను తప్పించి చిన్న లూప్ కనెక్టరు తగిలించినచో తక్కిన వలయము మరల మేల్కొనును. మూగవోయినదని మనము పాఱవేయదలచిన సెట్టు పెక్కుమార్లు నిర్దోషియే యగును.

అట్టి వలయమును తెంచి బజారులోని ఆండ్రాయిడు తెరను తగిలించునపుడు, కారు ఆంప్లిఫయరును మేల్కొలుపుటకు ఒక డీకోడరు పెట్టె, స్టీరింగు మీటల మాట తెలియజేయుటకు క్యాన్‌బస్ పెట్టె యొకటి, ఏరియలునకు వేఱొక అడాప్టరు, ఇట్లు తెరకంటె దాని వెనుక పరివారమే ఎక్కువగును. ఇంత చేసినను, స్పీడోమీటరు నడుమ స్టేషను పేరు చూపుచుండిన చిన్నపలక ఇక దానిని చూపక పోవచ్చును. తాళము వేసిన పిదపకూడ ఆ క్రొత్త యంత్రము నిద్రపోక కరెంటు త్రాగుచున్నచో, నాలుగు దినములు ఊరికి పోయి వచ్చునప్పటికి బ్యాటరీ దిగిపోయియుండును. తెర ధర కొన్ని పదులవేలే కావచ్చును. కాని ఈ చిక్కులు విప్పు మనిషి కూలియు, ఆయన దొరకువఱకు కారు షెడ్డులో నుండు దినములును బిల్లులో చేర్చి చూచువారు తక్కువ.

పోనీ, ఆ తెరయైనను చిరకాలము మన్నునా? 2012కును 2018కిని నడుమ తయారైన టెస్లా మోడల్ ఎస్ కార్లను, 2016 నుండి 2018 వఱకు తయారైన మోడల్ ఎక్స్ కార్లను కలిపి, సుమారు 1,35,000 బండ్లను 2021లో అమెరికాలో ఆ సంస్థ వెనుకకు పిలువవలసివచ్చినది. తెర వెనుకనున్న 8 గిగాబైట్ల మెమరీచిప్పు నిరంతరపు వ్రాతకు అరిగిపోవుటయే కారణము. చక్రములు, మోటారు, బ్యాటరీ నిక్షేపముగా నున్నవి. తెర నల్లబడగానే వెనుకవైపు చూపు కెమెరా పోయెను, గాజుమీది మంచు తుడుచు ఏర్పాటునకు ఆజ్ఞ యిచ్చు దారియు పోయెను. స్వంత కార్ఖానాలో కోరి అమర్చిన తెరయే యిట్లయినచో, ఏ కారుకైనను సరిపడునట్లు చేసి అమ్ము తెర అయిదాఱేండ్లు చెక్కుచెదరకుండునని నమ్ముట యెట్లు? యంత్రభాగములకు వార్ధక్యము మెల్లగా వచ్చును. తెరకు యౌవనములోనే వచ్చును.

ఇక నాబు మాట. దీనిని గుఱించి నేను చెప్పవలసినది చాల కలదు, చదువరులు ఓపిక పట్టవలెను. వాన కురియుచుండగా, ఎదురుగా వచ్చు లారీ దీపములు కన్నులలో పడుచుండగా, చూపు రోడ్డుమీదినుండి కదలింపక ఎడమచేయి చాచినచో, వ్రేళ్లకు ముందుగా నాబు అంచుగాట్లు తగులును, త్రిప్పినకొలది ఒక్కొక్క మెట్టున మెత్తగా ఆగి సాగుచు, ఎంత త్రిప్పితిమో చేతికే తెలియజెప్పును, కంటితో పనిలేదు. మెఱుగుగాజుమీద చేతికి ఏమి తెలియును? అక్కడ ప్రతి చిన్నపనికిని కన్ను కూలికి పోవలెను. 2022లో స్వీడను దేశపు కార్ల పత్రిక వీ బిలేగరె వారు, గంటకు 110 కిలోమీటర్ల వేగమున కారు నడుపుచు సీటు వేడిచేయుట, రేడియో పెట్టి కోరిన స్టేషను పట్టుట మొదలైన పనులకు ఎంతకాలము పట్టునో కొలిచి చూచిరి. మీటలు, నాబులు గల 2005 నాటి వోల్వో వి 70లో ఆ పనులన్నియు పది సెకండ్లలో ముగిసినవి. అన్నింటికంటె వెనుకబడిన క్రొత్త తెరకారులో 44.6 సెకండ్లు పట్టినవి. తన తన వ్యవధిలో పాతకారు 306 మీటర్లు నడువగా, క్రొత్తది 1,372 మీటర్లు సాగిపోయెను. కిలోమీటరు దాటిన దారిలో ఎన్ని పశువులు, ఎన్ని సైకిళ్లు, ఎందఱు పిల్లలు అడ్డము రావచ్చునో మన రోడ్లు ఎఱిగినవారికి చెప్పనక్కఱలేదు. యూరో ఎన్‌క్యాప్ వారు 2026 నుండి ఇండికేటరు, వైపరు, హారను వంటివానికి నిజమైన మీటలు లేని కార్లకు పూర్తి మార్కులు ఈయమని నియమము చేయుట నాకు పరమసంతోషమును కలిగించినది. విజ్ఞానము ముందునకు పోవుచు, వెనుక మఱచివచ్చిన వస్తువుకొఱకు మరల తిరిగి వచ్చుట అవమానము కాదు, అదియే వివేకము.

మార్చియే తీరవలెనన్న యజమానులకు పోర్షేవారు ఒక మంచిదారి చూపిరి. 2020లో వారు పాత 911 కార్లకొఱకు చేసిన సెట్టు, రేడియోపెట్టెల సింగిల్ డిన్ కొలతలోనే, రెండు నాబుల నడుమ మూడున్నర అంగుళముల తెరతో, పాతరేడియో పోలికచెడక యుండును. కార్‌ప్లే దానిలో ఒదిగియున్నది. వెలువడిననాడు దాని వెల 1,400 యూరోలకు పైబడియుండినను అది తగిన వెలయేయని నా నమ్మకము, ఏలనన దాని కొఱకు డాష్‌బోర్డు కోయనక్కఱలేదు. మన ఈ-క్లాసువారికి అంతకంటె చౌకయైన ఉపాయము కలదు: సీడీ ఛేంజరు స్థానమున కాంతివలయములో కూర్చుండు బ్లూటూత్ అడాప్టరు. పాట ఫోనునుండియే వచ్చును, దానిని త్రిప్పునది పాత నాబే.

ఈ నాబుపిచ్చి నాకు మా పెదమామయ్యగారి కారులో అంటుకొన్నది. గుంటూరులో వైద్యులు వారు. ఢిల్లీలో ఏదో రాయబార కార్యాలయము వాడి వదలగా స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషను ద్వారా అమ్ముడుపోయిన బెంజినొకదానిని కొని తెచ్చుకొనిరి. దానిలో బెకర్ యూరోపా రేడియో యుండెడిది. స్టేషనును నాబుతో పట్టి, ఒక మీటను ముందునకు లాగి మరల లోనికి నొక్కినచో, ఆ స్టేషను ఆ మీటకు కట్టువడియుండెడిది; బ్యాటరీ ఊడదీసినను మఱచెడిది కాదు, లోపలి యినుపమీటయే దాని జ్ఞాపకము. మొదటి మీట ఎల్లప్పుడును విజయవాడదే. 1948 డిసెంబరు 1న ఆరంభమైన ఆ కేంద్రము మా బాల్యమున ఇంటిలోని పెద్దలలో ఒకటి.

ఆదివారము మధ్యాహ్నము బందరు పోవునపుడు, ఉయ్యూరు దాటిన పిదప, రేడియోలో ఉషశ్రీగారి ధర్మసందేహముల కార్యక్రమమునకు వేళ యయ్యెడిది. మామయ్యగారు మాటలు కట్టిపెట్టించి, నాబు ఒక మెట్టు పైకి త్రిప్పెడివారు. శ్రోతల ఉత్తరములు చదివి, ప్రశ్నకు సమాధానము చెప్పుచు, అవసరమైనచోట మందలించుచు, మరల కథలోనికి తీసికొనిపోవు ఆ కంఠము, ఎవరిని ఉద్దేశించి పలికినను నన్నే ఉద్దేశించినట్లుండెడిది. బందరు చేరువఱకు ప్రసంగము ముగియనిచో కారు చెట్టునీడను ఆపి విని, పిదప చుట్టాలింటికి పోయెడివారము. అన్నము చల్లారిపోయినదని అత్తయ్యలు కోపించినను మామయ్యగారు లక్ష్యపెట్టలేదు.

ఆ కంఠమున ఒక గుణముండెను. వాక్యము ఎంత దీర్ఘమైనను ఊపిరి తెగెడిది కాదు; ఒత్తక్షరము ఒత్తక్షరముగనే పలికెడిది; సంస్కృతసమాసము వచ్చినను పల్లెటూరి ముసలమ్మకు అర్థము కాకపోయెడిది కాదు. ఉచ్చారణను మాకు నేర్పినది పాఠశాల కాదు, ఆ రేడియోయే. నేటి పిల్లలు తెలుగు చదువగలరు, వ్రాయగలరు. కాని పదిమంది యెదుట రెండువాక్యములు బిగువు సడలక చెప్పలేకున్నారు, ఏలనన మంచితెలుగును చెవులార వినుట వారి కెన్నడును తటస్థింపలేదు. ఉషశ్రీగారి ప్రసంగములు నేడు రికార్డులలో దొరకుచున్నవి. ప్రతి ఇంటివారును ఆదివారము ఒక అరగంట పిల్లలను కూర్చుండబెట్టి వానిని వినిపింపవలెను. అర్థము కాలేదని వారు విసిగినను మానరాదు, ముందుగా చెవికి పట్టిన భాషయే పిదప నాలుకకు లొంగును.