దారిలో దిగిన పొన్నంగి పిట్ట

మే నెలాఖరున ఒక సాయంకాలం వేములవాడ శివారు తోటలో రెండు స్వరాల ఈల విని ఆగాము. ఎండుటాకులు కెలుకుతూ పురుగులేరుకుంటున్న పిట్ట కనబడింది. ఆకుపచ్చ వీపు, రెక్కపై నీలి మచ్చ, కంటిమీదుగా నల్ల పట్టీ, పొట్టి తోక, దాని కింద ఎరుపు. పొన్నంగి పిట్ట! పక్కనే ఒక అబ్బాయి గులేరు ఎక్కుపెట్టాడు.

"ఆగు బిడ్డా! చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి, గూడు కట్టుకోవడానికి ఉత్తరానికి, హిమాలయ పాదాల దాకా పోయే జాతి ఇది. మన ఊరు దానికి దారిలో మజిలీ" అన్నాము. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియ్యో ఈ ప్రజాతికి 'పిట్టా' అని మన తెలుగు మాటనే పెట్టాడనీ చెప్పాము.

"నిజంగ మన మాటేనా, అయ్యగారూ?" అంటూ వాడు గులేరు జేబులో పెట్టుకున్నాడు.

ప్రియ చదువరులారా, బాటసారిని రాయితో పలకరిస్తామా? తోటలో రాలిన ఆకులను తగలబెట్టకుండా ఉంచుదాము. దాని భోజనం వాటి కిందనే ఉన్నది.