పడవకు పట్ట కప్పాలా?

ఆత్మకూరులోని ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర లేదు. తెల్లారితే పడవ ఉదయగిరి వైపు బయల్దేరాలి.

14 అడుగుల ఫైబర్ పడవ. సోమశిల జలాశయంలో ఎనిమిదేళ్లు ఆ ఇంటికి అన్నం పెట్టింది. మోకాళ్లు మొరాయించాక ఇంటాయన వేట మానేశారు. రెండేళ్లుగా అది పెరట్లో నీలం పట్ట కింద ఉంటోంది. ఉదయగిరి అవతల గండిపాలెం జలాశయం దగ్గర కూతురు కాపురం. ఆ డిసెంబరులో అక్కడ నీళ్లు బాగా చేరాయి. అల్లుడు అద్దె పడవతో వేటకు పోతున్నాడు. ‘పెరట్లో పెట్టుకుని పూజ చేస్తామా, వాళ్లకే ఇచ్చేద్దాం’ అంది ఇల్లాలు. ఆయనా సరేనన్నారు.

పేచీ వచ్చింది పట్ట దగ్గరే.

‘పట్ట కప్పే తీసుకుపోండి. దారంతా దుమ్ము. మబ్బు కూడా పట్టి ఉంది. కూతురింటికి పోయే వస్తువు, చూడముచ్చటగా ఉండొద్దా?’ అని ఆమె వాదన. రెండేళ్లూ ఎండకీ వానకీ ఆ పట్టను సర్దింది ఆమే మరి!

చిన్న లారీ నడిపే ఆమె తమ్ముడు ఒప్పుకోలేదు. ‘ఇంటి ముందు కప్పడం వేరక్కా, రోడ్డు మీద కప్పడం వేరు. బావని అడుగు, ఆయనకి తెలుసు’ అన్నాడు.

ఆయన మాట్లాడలేదు. గుమ్మంలో కూర్చున్న కొడుకు మోచేతి వైపు చూశారు. అక్కడో పొడుగాటి మచ్చ.

పదేళ్ల కిందటి మాట. జూన్ నెల. ఆ పడవను అప్పు చేసి కొని, సముద్రపు ఒడ్డు నుంచి నెల్లూరు మీదుగా తెస్తున్నారు. లారీ వెనక రెండు చక్రాల ట్రాలీ, దాని మీద పడవ, పడవ మీద కొత్త పట్ట. కొత్త వస్తువు కదా, గీత పడకూడదని ఆయనే దగ్గరుండి కప్పించారు. నాలుగు మూలలా తాడు కట్టారు. చూడ్డానికి గట్టిగానే ఉంది. కొడుకు మోటార్‌సైకిల్ మీద వెనకే వస్తున్నాడు.

జూన్‌లో నెల్లూరు జిల్లాలో పడమటి గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. నెల్లూరు నుంచి ఆత్మకూరు రావాలంటే దానికి ఎదురు పోవాలి. బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఎదురుగాలి మరో 30 ఉందనుకోండి, పట్టకు తగిలేది 90 కిలోమీటర్ల గాలి. వేగం ఒకటిన్నర రెట్లయితే గాలి తోపు రెండింతలకు పైనే అవుతుంది. బుచ్చిరెడ్డిపాళెం దాటేసరికి పట్ట టపటపా కొట్టుకోవడం మొదలైంది. ‘చప్పుడే కదా’ అనుకున్నారు. సంగం దగ్గరికి వచ్చేసరికి ముందు మూల తెగింది. సందులోంచి గాలి దూరి పట్టంతా బుంగలా ఉబ్బింది. మరుక్షణం లేచిపోయి వెనక వస్తున్న కుర్రాడి మొహానికి చుట్టుకుంది. బండి జారి రోడ్డు పక్క మట్టిలో పడింది కాబట్టి మోచేతితో పోయింది. ఎదురుగా ఏ బస్సో వచ్చి ఉంటే?

ఇంటికొచ్చి చూస్తే పడవకూ గాయమే. దుమ్ము పడకూడదని కప్పిన పట్ట, దాని ఇనుప రింగులతో అంచుల పొడుగునా రంగు గీకేసింది. తాడు రాసుకున్నచోట ఫైబర్ బయటపడింది. దుమ్మయితే రెండు బకెట్ల నీళ్లతో పోయేది!

‘మరి వాన వస్తేనో?’ అని ఆమె పట్టు వదల్లేదు.

అదీ నిజమే. పడవ నిండితే మాటలు కాదు. అంత పడవలో 5 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు నిలిస్తే సుమారు 200 కిలోలు. పట్ట వదులుగా ఉంటే దాని మీదే గుంట పడి నీళ్లు ఆగుతాయి, ఆ బరువుకు పట్ట చిరుగుతుంది. అందుకే పడవ వెనక అడుగున చిన్న కన్నం, దానికో బిరడా ఉంటాయి. రోడ్డు మీద బిరడా తీసి, వెనకవైపు కాస్త వాలుగా పెడితే పడ్డ నీళ్లు పడ్డట్టే పోతాయి.

పట్ట కప్పి లాగడం తప్పేమీ కాదు. పడవ కొలతకు కుట్టించి, ఎక్కడా ముడత లేకుండా, అడుగు నుంచి పట్టీలతో బిగిస్తే కప్పుకోవచ్చు. ట్రాక్టరు వెనక 20 కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్లకు మామూలు పట్ట కూడా నిలుస్తుంది. కానీ అదే పట్ట 60 దగ్గర తొమ్మిదింతల తోపును తట్టుకోవాలి. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తినప్పుడు మత్స్యకారులు వందల పడవల్ని లారీలకెక్కించి ఊళ్లలోకి తెచ్చారు. అప్పుడు పట్టల సంగతి ఎవరు చూశారు! పడవ కదలకుండా కట్టారా లేదా అన్నదే లెక్క.

తెల్లవారుజామున పడవను ఖాళీ చేశారు. వల, తెడ్లు, థర్మాకోల్ పెట్టె, చివరికి నీళ్లు తోడే డబ్బా కూడా లారీలోకి పోయాయి. తేలికైన వస్తువు ఏదున్నా గాలికి లేస్తుంది. ఇంజను విప్పి గోనెల్లో చుట్టారు. ముందు, వెనక మోకులు బిగించి, తాడు తగిలేచోట పాత దుప్పటి ముక్కలు పెట్టారు. పట్టను మాత్రం ఆమె స్వయంగా మడిచి తమ్ముడి సీటు వెనక పెట్టింది.

‘నాయనా, నువ్వు ముందు పో, వెనక వద్దు’ అన్నారాయన కొడుకుతో. బిరడా తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

పది కిలోమీటర్లకోసారి ఆగి ముడులు చూసుకున్నారు. రెండుసార్లు మోకు వదులైంది, మళ్లీ బిగించారు. ఉదయగిరి కొండ కనపడేసరికి చినుకులు మొదలయ్యాయి. పడవలో పడ్డ వాన కన్నంలోంచి దారలా రోడ్డు మీదికి పోతూనే ఉంది.

గండిపాలెంలో అల్లుడు ఎదురొచ్చాడు. ఆయన పడవ సంగతి చెప్పకముందే జేబులోంచి బిరడా తీసి అతని చేతిలో పెట్టారు. ‘నీళ్లలో దించే ముందు ఇది మర్చిపోకు నాయనా’ అన్నారు.

ఇంతలో ఫోను మోగింది.

‘పట్ట కప్పారా?’ అంది ఇల్లాలు.

‘ఇదిగో, ఇప్పుడు కప్పుతున్నాం’ అన్నారాయన.