ఎయిర్ పట్టిన బండి

డీజిల్ వాసన ఒకసారి కోటుకి పట్టిందంటే ఆ చలికాలమంతా వదలదు. మా ఇంట్లో నా కోటుకి గరాజ్ దాటి లోపలికి ప్రవేశం లేదు. శాసనం మా ఆవిడది, అప్పీలు లేదు.

మిన్నెసోటాలో వాకిట్లో మంచు తోసుకోవడానికి పాత పికప్ ఒకటి ఉంచుకున్నాను. 1996 నాటి డాడ్జ్ రామ్, 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజను, పన్నెండు వాల్వులది. సెన్సర్లూ కంప్యూటర్లూ అంతగా లేని కాలపు ఇంజను కాబట్టి పానా పట్టడం వచ్చినవాడెవడైనా దాంతో మాట్లాడొచ్చు. ఆ మధ్య రాత్రంతా నిలబెడితే పొద్దున్నే సెల్ఫు చాలాసేపు కొట్టాల్సివచ్చేది. స్టార్టయ్యాక కూడా నాలుగు దగ్గులు దగ్గి, ఆగిపోతానని బెదిరించి, అప్పుడు సర్దుకునేది. ఇంజను కింద నేలమీద అరచేతి మేర తడి.

గుంటూరు జిల్లాలో ఉన్న బాబాయికి ఫోన్లో చెప్తే ఒక్క మాటలో తేల్చేశాడు. “ఎయిర్ పట్టిందిరా. ఎక్కడో గాలి లాగుతోంది.” పొలంలో ఆయిలింజను నడిపిన మనిషి. డీజిల్ ఏ దేశంలో కారినా ఆయనకి ఒకటే. హీటరు దగ్గర తడిగా ఉందన్నాక మాత్రం ఆగాడు.

“డీజిల్‌కి హీటరేంట్రా?”

డీజిల్లో మైనం ఉంటుందనీ, చలి ముదిరితే అది పలుకులు కట్టి ఫిల్టరుకి అడ్డం పడుతుందనీ చెప్పాను.

“సంక్రాంతి చలికి కొబ్బరినూనె గడ్డకట్టినట్టా? మరి బండిని కాసేపు ఎండలో పెట్టరాదూ!”

“ఎండ ఉంటుంది బాబాయ్. వేడే ఉండదు.”

ఈ హీటరు ఇంజనుకి డ్రైవరు వైపున, ఇన్‌టేక్ కింద ఇరుకులో కూర్చుని ఉంటుంది. లోపల చిన్న జల్లెడ, దాని దగ్గరే కరెంటుతో వేడెక్కే ఎలిమెంటు. చలి దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే తనంతట తనే ఆన్ అవుతుంది, డీజిల్ 24 ప్రాంతానికి వచ్చేసరికి ఆగిపోతుంది. అసలు కిటుకు అది ఉన్న చోటులో ఉంది. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య, అంటే పంపు డీజిల్‌ని లాగే వైపున ఉంది. అక్కడ రబ్బరు రింగు వదులైతే, ఇంజను తిరుగుతున్నంతసేపూ డీజిల్ బయటికి రావడం కన్నా గాలి లోపలికి పోవడమే ఎక్కువ. ఆపేశాక ఆ సందులోంచి గాలి చేరుతుంది, లైన్లో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకుకి జారిపోతుంది. పొద్దుటి దగ్గు అందుకే. ట్యాంకు నిండుగా ఉండి, బండి ముక్కు పల్లానికి ఉన్నప్పుడే ఆ తడి. అది కనిపించేది కాబట్టి అందరి కళ్లూ దానిమీదే ఉంటాయి. నన్నడిగితే ఆ మరక దగ్గరే ఆగిపోకూడదు, ముందు గాలిని వెతకాలి.

వెతకడానికి ఒక మార్గం ఉంది. హీటరు నుంచి పంపుకి వెళ్లే చిన్న గొట్టం తీసేసి, ఆ చోట డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన గొట్టం వేసి ఇంజను నడిపించాలి. బుడగలు వరసగా పరుగెడుతుంటే గాలి హీటరు దగ్గరో అంతకు వెనకో చొరబడుతోందన్నమాట. ఏ కీలు దగ్గరో తేల్చుకోవడానికి చుట్టుపక్కలంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరాక టాల్కం పౌడరు చల్లి, వాలులో నిలబెట్టాను. తెల్లారేసరికి హీటరు కింది గిన్నె అంచు చుట్టూ పౌడరు బూడిదరంగు ముద్దయింది.

బ్యాటరీ నెగెటివ్ తీసి, హీటరు ప్లగ్గు ఊడదీసి, గిన్నె విప్పితే పాత రింగు చేతికి వచ్చింది. గుండ్రంగా ఉండాల్సింది చదునై, గోరు నొక్కినా దిగనంత బిరుసెక్కింది. తప్పు బండి చేసినవాళ్లది కాదు, వయసుది. కొంత ఇంధనానిది కూడా. అమెరికాలో 1993లో డీజిల్లో గంధకాన్ని 500 పీపీఎంకీ, 2006లో 15కీ తగ్గించారు. గాలికి మంచిదే. గంధకాన్ని తీసే పద్ధతిలో రబ్బరుని ఉబ్బించి ఉంచే ఆరోమాటిక్‌లు కూడా తగ్గుతాయి. పాత డీజిల్‌కి అలవాటుపడ్డ రింగులు కాస్త కుంచించుకుపోయి కారడం మొదలుపెట్టాయి. కొత్తది విటాన్ రబ్బరు రింగు వేశాను. అంచు గాడిలో పాత రబ్బరు పొట్టు మిగిలితే కొత్తదీ కారుతుంది, గుడ్డతో తుడిచి వేలితో తడిమి చూసుకోవాలి. షాపువాళ్లు మొత్తం అసెంబ్లీ కొనమంటారు. ఎలిమెంటు కాలిపోతేనో, ప్లగ్గు పిన్నుల దగ్గర డీజిల్ ఊరుతుంటేనో తప్ప ఆ ఖర్చు దండగ.

తర్వాత ఎయిర్ తీయడం. బ్లీడ్ బోల్టు వదులు చేసి, ఫీడ్ పంపు మీదున్న రబ్బరు బొత్తాన్ని బుడగ లేని డీజిల్ వచ్చేదాకా నొక్కుతూ ఉండాలి. ఎంత నొక్కినా చేతికి బిగువు తగలకపోతే పంపు పాడైందని కంగారుపడనక్కర్లేదు. లోపలి ప్లంజరు క్యామ్ మిట్టమీద ఆగి ఉంటుంది. ఇంజనుని పావు చుట్టు తిప్పితే సరి. ఇది చెప్తే బాబాయి నవ్వి, “మన ఆయిలింజనుకీ ఇంతేగా, దీనికి అమెరికా దాకా పోవాలా?” అన్నాడు.

హీటరు పీకేసి నేరుగా గొట్టం వేసుకునేవాళ్లున్నారు. డల్లాస్‌లో ఉంటే నేనూ ఆ పనే చేసేవాణ్ణేమో. జనవరిలో మైనస్ 25 చూసే ఊళ్లో మాత్రం నాకు ధైర్యం చాలదు. బుడగలైతే పోయాయి. ఇంజను వెనక ఫ్రేమ్‌కి దిగే రబ్బరు గొట్టం పైపొర మాత్రం పగుళ్లు బారి ఉంది. దాన్ని మార్చాలంటే కింద పడుకుని చెయ్యి మోచేతిదాకా దూర్చాలి. ఆ పని ఏప్రిల్‌కి వాయిదా వేశాను.