కేసు ఎవరి వంతు?

గోదావరి జిల్లాల్లోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ సర్జరీ ప్రొఫెసర్‌ని. దాంతోపాటు పీజీ కోఆర్డినేటర్‌ని కూడా. ఈ రెండో హోదాకి జీతం లేదు, గది లేదు, గుమాస్తా లేడు. అమెరికాలో ప్రతి రెసిడెన్సీకీ ఈ పని చూడటానికే వేరుగా ఒక ఉద్యోగి ఉంటారు. మా దగ్గర ఓపీ, రౌండ్లు, థియేటర్ ముగిశాక ఒంట్లో ఎంత ఓపిక మిగిలితే ఈ పనికి అంత. ఏం చేస్తారు మేడమ్ అని ఎవరైనా అడిగితే రోస్టర్లు, థీసిస్ ఫైళ్ళు అని చెప్పి ఊరుకుంటాను. అవి పైకి కనిపించే పనులు. అసలు పని ఒకటుంది: ఏ కేసులో కత్తి ఎవరి చేతికివ్వాలి, ఎప్పుడివ్వాలి అన్నది తేల్చడం.

మాకు ఆరు యూనిట్లు. ఒక్కో యూనిట్‌కి ఒక చీఫ్, ఆయన కింద అసోసియేట్, అసిస్టెంట్ ప్రొఫెసర్లు, సీనియర్ రెసిడెంట్, మూడు సంవత్సరాల పీజీలు, హౌస్ సర్జన్లు. వారంలో ఒక్కో యూనిట్‌కి ఒక ఎమర్జెన్సీ డే. ఆదివారాలు వంతులవారీగా తిరుగుతాయి. ఎమర్జెన్సీ డే అంటే ఆ రోజు గేటు దాటి వచ్చిన సర్జరీ కేసులన్నీ ఆ యూనిట్‌వే. అల్సర్ పగిలి కడుపు చెక్కలా బిగుసుకుపోయినవాళ్ళు, కోనసీమలో కొబ్బరి చెట్టు మీంచి పడ్డవాళ్ళు, హైవే ప్రమాదాలు, మోకాలి దాకా చీము పట్టిన షుగర్ కాళ్ళు, వానాకాలమైతే పాము కాట్లు.

నీట్ పీజీ కౌన్సెలింగ్ ముగిసి కొత్త బ్యాచ్ చేరినప్పుడు మార్కుల జాబితా చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్ళలో చాలామంది ఆ ర్యాంకు కోసం ఏళ్ళ తరబడి గదిలో కూర్చుని చదివినవాళ్ళే, చేత్తో కుట్టు వేసింది తక్కువ. మొదటి నెలల్లో వాళ్ళ బతుకంతా కేస్ షీట్లు, డ్రెస్సింగులు, బ్లడ్ బ్యాంకుకి పరుగులు, స్కాన్ గది ముందు పడిగాపులు. ఆ పనులూ నేర్చుకోవలసినవే. కానీ అక్కడే ఉండిపోతే మనిషి సర్జన్ కాడు. అందుకని చేరిన వారంలోనే సిల్కు దారం ఇచ్చి కుర్చీ చేతికి ముడులు వేయిస్తాను. ముందు రెండు చేతుల ముడి, తర్వాత ఒంటి చేతి ముడి, ఆ తర్వాత నీడిల్ హోల్డర్‌తో. లాపరోస్కోపీ డబ్బాలో తెర మీద చూస్తూ శనగలు ఒక మూతలోంచి ఇంకో మూతలోకి మార్చమంటాను. తెర మీద లోతు తెలియదు, పరికరం చేతికి ఎదురు దిక్కున కదులుతుంది. ఆ తికమకంతా డబ్బాలోనే తీరిపోవాలి, పేషెంట్ పొట్టలో కాదు.

తర్వాత వంతుల గొడవ మొదలవుతుంది. డెల్టాలో పుట్టినవాళ్ళకి శివారు పొలం కష్టం తెలుసు. కాలువ నిండా నీళ్ళు పారుతున్నా పైన తూములున్నవాళ్ళు మళ్ళించుకుంటే చివరి చేనుకి తడి అందదు. మా థియేటర్‌లో కేసులూ అంతే. పై వరసలో ఉన్నది చెడ్డవాళ్ళేమీ కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి ఏడాది కాని కుర్రవాడికి తన చెయ్యి ఇంకా స్థిరపడాలి. సీనియర్ రెసిడెంట్‌కి రేపు సొంతంగా బతకాలన్న ఆదుర్దా. ఒక్క హెర్నియాకి ఆశపడేవాళ్ళు నలుగురైతే, ఫస్ట్ ఇయర్‌కి రిట్రాక్టర్ మిగులుతుంది.

ఈ లెక్క తేల్చేది లాగ్‌బుక్. మన పీజీ లాగ్‌బుక్‌లో ప్రతి ఆపరేషన్ పక్కనా ఒక గుర్తు వేయాలి. స్క్రబ్ అయి చూస్తే ఓ. సీనియర్‌కి సాయం చేస్తే ఏ. సీనియర్ ఎదురుగా ఉండగా తాను చేస్తే పీఏ. తానే స్వతంత్రంగా చేస్తే పీఐ. ఎక్కువమంది దీన్ని పరీక్షకి ముందు ఒకే రాత్రి, ఒకే పెన్నుతో నింపుతారు. నేను నెలనెలా తెప్పించుకుని థియేటర్ రిజిస్టర్‌తో సరిచూసి ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. ఒక యూనిట్ పీజీకి అన్నీ ఏలు, పక్క యూనిట్ పీజీకి అన్నీ పీఏలు కనిపిస్తే ఎవరి మీదా ఫిర్యాదు రాయనక్కర్లేదు, ఆ షీటే చెబుతుంది.

ఒక సెకండ్ ఇయర్ అమ్మాయి వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"మేడమ్, యూనిట్ మార్పించగలరా?"

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు మేడమ్. సర్ బాగా చెబుతారు. కానీ నన్ను చివర్లో వేసే క్లోజర్ కుట్లు దాటనివ్వరు."

ఆ షీటు పట్టుకుని వాళ్ళ చీఫ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నాకంటే చాలా సీనియర్. "ఏమ్మా, నా టేబుల్ మీద కేసులకి నువ్వు పద్దు రాస్తున్నావా?" అన్నారు నవ్వుతూనే. "మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళం సర్, లెక్క కూడా మీరే నేర్పారు" అన్నాను. కాగితం చాలాసేపు చూశారు. "ఆ పిల్ల ఎప్పుడూ అడగలేదే" అన్నారు. చాలా యూనిట్లలో సంగతి ఇదే. అడిగే పీజీకి కేసు దొరుకుతుంది, అడగలేనివాళ్ళకి నోట్స్ రాసే పని దొరుకుతుంది. అందుకే గొంతు లేనివాళ్ళ తరఫున ఆ గళ్ళ కాగితం మాట్లాడాలి.

కేసు ఇవ్వడమంటే మొత్తం ఒకేసారి చేతిలో పెట్టడం కాదు. గజ్జల్లో హెర్నియానే తీసుకోండి. కోతపెట్టి పొరలు తెరవడం, నరాన్ని గుర్తుపట్టి పక్కకి జరపడం, కార్డ్‌ని చుట్టూ విడదీసి ఎత్తడం, సంచిని వేరు చేయడం, మెష్ పరిచి కుట్టడం, మూసేయడం. ఇన్ని మెట్లున్నాయి. ఫస్ట్ ఇయర్‌కి మొదటి మెట్టు, చివరి మెట్టు. కుదురు చూసి సంచి. మూడో ఏడాది వచ్చేసరికి కేసంతా. ఒకే ఆపరేషన్‌లో ముగ్గురు నేర్చుకోవచ్చు. దీనికి పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఎనస్థీషియా వాళ్ళు గడియారం చూస్తారు. వాళ్ళతో ముందే మాట్లాడి, జాబితాలో మొదటి కేసుని నేర్పే కేసుగా పెట్టుకుంటాం.

ఇంతా చేసి టేబుల్ మీద పడుకున్న మనిషిని మరిస్తే అంతకంటే పాపం లేదు. ప్రభుత్వాసుపత్రికి వచ్చేది వేరే దారి లేనివాళ్ళు. "ఆపరేషన్ పెద్ద డాక్టరమ్మ గారే చేత్తారా?" అని పేషెంట్ తాలూకువాళ్ళు అడుగుతారు. అబద్ధం చెప్పను. "మా డాక్టర్లందరం కలిసి చేస్తాం. నేను పక్కనే ఉంటాను" అంటాను. ఆ మాట అన్నాక నేను ఉండి తీరాలి. సీనియర్ బయట టీ తాగుతుంటే లోపల పీజీ చేసిన కేసుని పీఏ అని రాయనివ్వను. నేర్చుకునే చేతికి అవతల నేర్పే చెయ్యి ఉన్నప్పుడే ఆ పేషెంట్‌ని మనం మోసం చేయనట్టు.

ఇక పని గంటలు. ఈ రెసిడెన్సీ పద్ధతి 19వ శతాబ్దం చివర్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ పెట్టింది. ఆయన రెసిడెంట్లు ఆసుపత్రిలోనే కాపురముండేవారు. ఎన్నేళ్ళుండాలో చీఫ్ ఇష్టం. అమెరికాలో 2003 నుంచి వారానికి 80 గంటల పరిమితి వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 1992లోనే రెసిడెన్సీ పథకంలో మామూలుగా వారానికి 48 గంటలని రాసుకుంది. ఆ కాగితం సంగతి వార్డుల్లో ఎవరికీ తెలియదు. ఎమర్జెన్సీ ముగిసిన మర్నాడు రౌండ్లు, డ్రెస్సింగులు, డిశ్చార్జులు అయ్యేసరికి పొద్దుగూకుతుంది. నేను పెట్టిన నియమం చిన్నది: రాత్రంతా మేల్కొన్న పీజీ మర్నాడు హ్యాండోవర్ ఇచ్చి మధ్యాహ్నానికి హాస్టల్‌కి పోవాలి, ఎలెక్టివ్ కేసులో స్క్రబ్ అవకూడదు. "మా రోజుల్లో..." అని మొదలుపెట్టే పెద్దలు దీన్ని ఒప్పుకోవడానికి కొంతకాలం పట్టింది. విచిత్రమేమిటంటే పీజీలూ ఒప్పుకోలేదు. నిద్రపోతే కేసు పోతుందని వాళ్ళ భయం. వంతు ఎటూ పోదని షీటులో చూపించాకే వెళ్ళి పడుకున్నారు.

మిగతా కాగితాల పని క్లుప్తంగా చెబుతాను. పరిశోధన పద్ధతుల మీద ఐసీఎమ్మార్ వారి చెన్నై సంస్థ నడిపే ఆన్‌లైన్ కోర్సు పాసవాలి. థీసిస్ పరీక్షకి ఆర్నెల్ల ముందు అందాలి. 2021 బ్యాచ్ నుంచి మూడు నెలల డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ వచ్చింది. ఒకరు జిల్లా ఆసుపత్రికి వెళితే ఇక్కడ రోస్టర్‌లో కన్నం పడుతుంది. అయినా దాన్ని నేను తిట్టను. అక్కడ పైన తూములు తక్కువ. హైడ్రోసీల్, అపెండిక్స్ కేసులతో చెయ్యి తెరుచుకుని తిరిగొచ్చిన పిల్లల్ని చూశాను.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది నెలకోసారి పెట్టే మరణాల సమీక్ష. అక్కడ ఎవరు అన్న ప్రశ్న వేయనివ్వను, ఎప్పుడు అనే అడుగుతాం. ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు చూశారు, సీనియర్‌కి ఎప్పుడు ఫోన్ చేశారు. ఆలస్యం ఎక్కువగా ఆ మూడో ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. అర్ధరాత్రి ఫోన్ చేస్తే తిడతారని భయపడే పీజీ ఉన్నచోట లోపం ఆ పీజీది కాదు, ఫోన్ ఎత్తేవాళ్ళది. అందుకే రోస్టర్‌లో పీజీ పేరు పక్కనే ఆ రాత్రి ఎత్తవలసిన సీనియర్ పేరూ నంబరూ రాస్తున్నాం.

అమెరికాలో జనరల్ సర్జరీకి అయిదేళ్ళు, కనీసం 850 పెద్ద ఆపరేషన్లు. మనకి మూడేళ్ళే. ఆ చివర నాలుగు పేపర్లు, లాంగ్ కేసు, షార్ట్ కేసులు, బయటి యూనివర్సిటీల నుంచి వచ్చే ఎగ్జామినర్లు. మూడేళ్ళే ఉన్నాయి గనక ఒక్క కేసు కూడా పక్కదారి పట్టకూడదు.

ఈ బాధ్యత వచ్చే ఏడాది మా అసోసియేట్ ప్రొఫెసర్ ఒకరు తీసుకుంటున్నారు. షీటు ఇస్తూ ఆయనకి ఒక్క మాట చెప్పాను: "ఫైనల్ ఇయర్ వాళ్ళ పీఐలు లెక్కపెట్టి సంతోషపడకు బాబూ. ముందు ఫస్ట్ ఇయర్ వాళ్ళ పీఏలు చూడు. అక్కడ అంకె పెరుగుతోందంటే, నాతో సహా పైనున్న ప్రతి ఒక్కరూ తమ వంతు తాము వాడుకుని కిందికి వదులుతున్నారన్న మాట. పెరగకపోతే మొదట నా థియేటర్ రిజిస్టరే తెప్పించుకో."