హాజరుపట్టీలో సింహం

బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో వ్రాసే పేరు ఇంటివారి యిష్టం. ఆ పేరుకు వేరే అర్థం చెప్పేవారు అయిదారేళ్ల తరువాత బడిలో ఎదురవుతారు. ఇంట్లో అది తాతగారి జ్ఞాపకమో, ఇలవేల్పుకు చెల్లించిన మ్రొక్కో అయివుంటుంది. బడిలో హాజరుపట్టీలోని ఒక మాట, అంతే. పలికేవారి నోరు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది.

బరంపురంలో మాకిది నాలుగో తరం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మావాళ్లు యిల్లు మారలేదు, రాష్ట్రమే మారింది. పేర్లు మాత్రం విడిచిపెట్టలేదు. సింహాచలం, అప్పలస్వామి, శ్రీకూర్మం పేర కూర్మారావు, ముఖలింగం, అరసవల్లి స్వామి పేర సూర్యనారాయణ. మన పిల్లల పేర్లు వరుసగా పిలిస్తే చాలు, రైలు ఖర్చు లేకుండా ఆ క్షేత్రాలన్నీ తిరిగి రావచ్చు.

మా అబ్బాయి పేరు సింహాచలం. ఆరో తరగతిలో ఒక మాస్టారు ఆ పేరును సగానికి విరిచి ‘సింహ’ అని పిలవసాగారు. సింహమంటే తెలుగులోనూ ఒడియాలోనూ సింహమే గనుక తరగతంతా నవ్వింది. మాస్టారు చెడ్డవారు కారు, అదొక సరదా. కాని వెనుకబెంచీలో ఎవరు అల్లరి చేసినా “సింహం గర్జించిందా?” అనడం వారికి అలవాటయింది. మావాడు ఇంట్లో రెండో గరిటె కూర కావాలన్నా ఆలోచించి అడిగే రకం. మూడు నెలలు నోరు మూసుకొని ఊరుకున్నాడు. నాలుగో నెలలో నిజంగానే తరగతిలో గర్జించాడు. ఆ వారంలోనే తోటిపిల్లవాని చొక్కా చించాడు. బడినుండి మాకు చీటీ వచ్చింది, మీ వానిది దుడుకు స్వభావమని.

ఆ ‘స్వభావం’ అన్న మాట దగ్గర మేము ఆగిపోయాము. ఇరవయ్యేళ్లుగా ఆఫీసులో ఫైళ్లు చూస్తున్నాము. మొదటి కాగితంమీద ఎవరో ఒక మాట వ్రాస్తారు, ఆ తరువాతి కాగితాలన్నీ దాన్నే మోసుకొంటూ వస్తాయి. మొదట వ్రాసినవారు బదిలీ అయిపోతారు, మాట మాత్రం ఉండిపోతుంది.

ఈ జబ్బు మన ఊరిదే కాదు. జర్మనీలో ఓల్డెన్‌బుర్గ్ విశ్వవిద్యాలయంవారు 2009లో పేర్లను గురించి బడిపంతుళ్లను అడిగి చూశారు. కెవిన్, జస్టిన్, శాంటాల్ అన్న పేర్లు వింటేనే చాలామందికి అల్లరిపిల్లలు కళ్లకు కట్టారు. షార్లొట్, యాకోబ్ అంటే బుద్ధిమంతులు. కెవిన్ అన్నది పేరు కాదు, రోగం పేరని ఒకరు వ్రాశారట. పిల్లవాణ్ణి చూడకుండానే సుమా! కెవిన్ పేదవారి యిండ్ల పేరని అక్కడివారి అభిప్రాయం. అంతకు చాలా ముందే, 1973లో, అమెరికాలో హరారీ, మెక్‌డేవిడ్ అనే యిద్దరు అయిదో తరగతి పిల్లల వ్యాసాలకు పేర్లు మార్చి మార్చి తగిలించి పంతుళ్లచేత దిద్దించారు. పైన డేవిడ్, మైకేల్ అని ఉంటే మార్కులు పెరిగాయి. ఎల్మర్, హ్యూబర్ట్ అని ఉంటే తగ్గాయి. పేరు పిల్లవానిలో చేరకముందే పంతులుగారి చెవిలో చేరుతుందన్నమాట.

మన పెద్దలు లోకం నవ్వుతుందని తెలిసే కొన్ని పేర్లు పెట్టారు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లులు కొత్త బిడ్డను పెంటకుప్పమీద పడుకోబెట్టి తీసి పెంటయ్య అనీ, ఎంగిలి విస్తళ్లమీద పొర్లించి పుల్లయ్య అనీ పిలుచుకొనేవారు. మృత్యువు చీదరించుకొని పోవాలని వారి ఆశ. ఒడియావారికీ యిటువంటివి కొత్తవి కావు. 1843లో పుట్టిన ఫకీర్ మోహన్ సేనాపతికి మొదట పెట్టిన పేరు వ్రజమోహన్. పిల్లవాడు జబ్బుచేసి దక్కడేమోనన్న భయంతో నాయనమ్మ పీర్లకు మ్రొక్కుకొని, వానిని ఫకీరు చేసింది. ఆ ఫకీరే పెద్దవాడై బాలేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడుగా ఉన్నాడు, ఒడియాలో గొప్ప నవలలు వ్రాశాడు.

చీటీ వచ్చిన రాత్రి మా అమ్మ మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకొన్నది. వాడు నెలలు నిండకుండా పుట్టిన సంగతి, తాను కొండ మెట్లెక్కి అప్పన్నకు మ్రొక్కుకొన్న సంగతి అప్పుడు చెప్పింది. అన్నాళ్లూ వానికెవరూ చెప్పనేలేదు. మరునాడు మేము బడికి పోయి, చొక్కా చించినందుకు మావానిచేత క్షమాపణ చెప్పించాము. ఆపైన మాస్టారితో, పేరు పూర్తిగా పిలవమని మనవి చేశాము. నాలుగక్షరాలే గదా! ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత “సింహాచలం, కూర్చో” అన్నారు.

ఇప్పుడు వాడు తొమ్మిదో తరగతి. పేరు మార్చదలిస్తే మెట్రిక్ సర్టిఫికెట్ చేతికి రాకముందే మార్చడం మేలు. తరువాతైతే అఫిడవిట్టు, పత్రికలో ప్రకటన, గెజిట్టు, యిదంతా మా చేతులమీదుగా నడిచే తతంగమే గనుక మాకు తెలుసు. వాళ్లమ్మకు మార్చాలనే ఉంది. ఆర్యన్ అని ఒక పేరు కూడా చూసి ఉంచింది. మా అమ్మ ఏమీ అనలేదు, వత్తులు చేసుకొంటూ కూర్చున్నది. వాణ్ణే అడిగాము.

“ఉండనీ నాన్నా. అందరికీ ఇప్పుడిప్పుడే పలకడం వచ్చింది” అన్నాడు.