కొండ బాకీ

ఒకనాడు తరగతిలో వ్యాసరచన సాగుతుండగా ఒక విద్యార్థి లేచి, "వ్యాపారము పెరిగితే అడవి తరగక తప్పదు గదా సార్!" అన్నాడు. తెలుగు బోధించే మాకు అర్థశాస్త్రముతో పరిచయము స్వల్పమే. అయినను ఆ ప్రశ్న మమ్ములను విడువలేదు. ఆ ఆదివారము వింజమూరు నుండి ఉదయగిరికి వెళ్ళినప్పుడు అదే ప్రశ్న మాకు మరల ఎదురైనది.

ఉదయగిరి అనగానే 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గము స్ఫురిస్తుంది. ఆ దుర్గము నీడలోనే కొయ్య చెంచాల కళ బ్రతుకుతున్నది. నర్ది, బిక్కి, కల్ది, దేవదారి వంటి కొండకొయ్యలను ఎండబెట్టి, చెక్కి, ఆకురాతితో నునుపు చేసి చెంచాలు, గరిటెలు, ఫోర్కులు తీరుస్తారు. ఈ పనిలో ముస్లిం కుటుంబాల స్త్రీలు అనేకులు. దీనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

మేము అరడజను చెంచాలకు బేరమాడినాము. వెండి దుకాణములో నోరు మెదపని మనము చేతిపని ముందర ఎంత గడుసువారమో! ఆమె ధర తగ్గించి ఇస్తూ, "మా నాయన కాలంలో కొయ్య కొండ మొదట్లోనే దొరికేది సారూ. ఇప్పుడు చానా పైకి పోవాల. ఆ నడకకి ఖరీదు ఎవురిస్తారు?" అన్నది. తగ్గించుకొన్న సొమ్ము తిరిగి ఇవ్వబోతే పుచ్చుకొనలేదు. బేరము బేరమేనట.

2022 జూలై 1 నుండి దేశమంతట ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ చెంచాలు నిషిద్ధములైనవి. కొయ్య చెంచాకు మంచి రోజులు వచ్చినవని మేమును సంతోషించినాము. కాని గిరాకీ పది రెట్లయితే ఆ కొండ ఏమి కావలె? కొండపల్లి బొమ్మలవారు పొణికి కొయ్య కొరతతో ఏండ్లుగా బాధపడుతున్నారు. ఏటికొప్పాకలోనో, సహజ వర్ణములను పునరుద్ధరించి 2023లో పద్మశ్రీ అందుకొన్న సి.వి. రాజు గారు రంగులతో పాటు అంకుడు చెట్టు పెంపకమును గూర్చి కూడ ఆలోచించినారు. అంకుడు నరికినచోటనే మరల చిగురిస్తుంది. మొదలు మిగిలితేనే వ్యాపారము మిగులుతుంది. ఆ మొక్క నాటే భారము చెంచా చెక్కే ఆమె ఒక్కతెపైనే మోపుట అన్యాయము. అమ్మే దుకాణము, కొనే మనము కూడ అందులో పాలు పంచుకొనవలె.

సోమవారము ఈ మాటలన్నియు తరగతిలో చెప్పినాము. ఆ విద్యార్థి శ్రద్ధగా విని, "మీరు ఎంత తగ్గించినారు సార్?" అని అడిగినాడు.

ఇరువది రూపాయలని చెప్పినాము.