తీజ్ బుట్టలో గోధుమ గింజ

మాది సిద్దిపేట జిల్లా అక్కన్నపేట మండలంలో ఒక తండా. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు రాకముందు కరీంనగర్ జిల్లాలో ఉండేవాళ్లం. చుట్టూ గుట్టలు, ఎర్ర చెల్కలు. మక్క, పత్తి, కంది వేస్తాం. నీళ్లున్న చోట వరి. గోధుమ చేను మాత్రం మా దిక్కు మేము ఎన్నడూ చూడలేదు.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ప్రభువు చెప్పిన ఉపమానాలలో చాలా వరకు మాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. బాట మీద పడ్డ గింజను పిట్టలు ఏరుకుపోవడం, రాతి నేలలో మొలక ఎండకు మాడడం, ముండ్ల పొదలో అణిగిపోవడం మా చెల్కలో ఏటేటా జరిగేదే. తప్పిపోయిన గొర్రె కోసం గుట్టంతా తిరిగినవాళ్లం కూడా మాలో ఉన్నారు. కాని యోహాను సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు తన మరణాన్ని మట్టిలో పడిన గోధుమ గింజతో పోల్చిన మాట దగ్గర మాత్రం ఆగిపోయేవాళ్లం. గోధుమ అంటే మాకు దుకాణంలో దొరికే పిండి. అంతే.

ఒక ఆదివారం ప్రార్థన అయిపోయాక మా యాడి నవ్వింది. "గోధుమ మొలుసుడు చూడనోళ్లకు చెప్పుకోమను పాస్టరును. పెండ్లి అయ్యేదాకా ఏటా తీజ్ బుట్ట ఎత్తినదాన్ని నేను" అన్నది.

మేము మాట్లాడలేకపోయాం. ఎందుకంటే ఆ బుట్టను మా ఇంట్లో ఆపింది మేమే.

తీజ్ అంటే తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. శ్రావణంలో తండాలోని పెండ్లి కాని ఆడపిల్లలు పుట్టమన్నూ ఎరువూ కలిపి చిన్న చిన్న బుట్టలలో నింపి, నానబెట్టిన గోధుమలు చల్లుతారు. బుట్టలన్నీ నాయక్ ఇంటి ముందు మంచె మీద పెడతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. మొలక ఎంత పచ్చగా, ఎంత ఎత్తుగా వస్తే ఆ పిల్లకు అంత సంబరం. తొమ్మిదో రోజు చెరువులో కలిపేస్తారు. అన్నదమ్ములను, పుట్టింటిని తలచుకుంటూ ఆ రోజు పిల్లలు ఏడ్చే ఏడుపు విన్నవాళ్లు మరిచిపోలేరు.

మా పది గడపలు ప్రభువును నమ్ముకున్న కొత్తలో, బుట్ట ఎత్తడం విగ్రహారాధన కిందికే వస్తుందని సంఘంలో చెప్పారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. మంచె దగ్గర పూజలు జరుగుతాయి, మొక్కులు ఉంటాయి. మేము సరే అన్నాం. పదకొండేండ్లు మా వాడలో గోధుమలు నానలేదు.

చర్చికి పోతే గిరిజనులు ఎట్లయితారని తండాలో కొందరు దెప్పిపొడిచేవాళ్లు. చట్టంలో అట్లా లేదని వాదించేవాళ్లం. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. ఆ జాబితాకు మతంతో పని లేదు, మతం షరతు ఉన్నది షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో. వాదనలో గెలిచేవాళ్లం. కాని శ్రావణం రాగానే మంచె దగ్గర పాట మొదలైతే, మా ఆడపిల్లలు తలుపు సందులోంచి చూసేవాళ్లు. దానికి ఏ చట్టం చూపించగలం?

ఇంకొకటి చెప్పాలి, సిగ్గుగానే ఉన్నా. బడిలో విత్తనం మొలకెత్తడం పాఠం చెప్పేటప్పుడు ఏటా కొబ్బరి చిప్పలలో పెసర్లు వేయించేవాళ్లం. ఆ ఏడు పెసర్లు లేక గోధుమలు తెప్పించాం. మూడో తరగతి పిల్ల ఒకతె చిప్పలో నీళ్లు పోస్తూ గోర్ బోలిలో తీజ్ పాట అందుకుంది. "బడిలో ఆ పాటలేంది" అని మా నోటి నుంచి వచ్చింది. పిల్ల నోరు మూసుకుంది. మా సొంత భాషను మా చేతులతోనే బడి బయటికి నెట్టాం. ఆ రోజు అన్నం సహించలేదు.

అయిదో రోజు పిల్లలు ఒక మొలకను వేళ్లతో సహా పీకి చూశారు. గింజ మెత్తబడింది. వేలితో నొక్కితే తెల్లగా పాలలాంటిది వచ్చింది. ఇంకో నాలుగు రోజులకు చూస్తే వట్టి పొట్టు. "సారూ, గింజ సచ్చిపోయిందా?" అని అడిగారు. గింజలో దాచుకున్న ఆహారమంతా మొలకకు పోయింది, ఆకు పచ్చబడి తన తిండి తాను చేసుకునేదాకా తల్లిలాగా సాకింది అని పుస్తకంలో ఉన్నట్టే చెప్పాం. చెప్తూ చెప్తూ ఆగిపోయాం. యాడి నవ్విన నవ్వు అప్పుడు అర్థమైంది. ఆ వాక్యం మా తండా ఆడవాళ్ల చేతుల్లో ఎన్నో తరాలుగా మొలుస్తూనే ఉంది. దాన్ని మాకు చదివి వినిపించినవాళ్లే ఆ బుట్టను దించమన్నారు, మేమూ దించాం.

మరుసటి శ్రావణంలో హాస్టలు నుంచి వచ్చిన మా బిడ్డ, "బాపూ, నేను బుట్ట ఎత్తనా?" అని అడిగింది. ఎత్తమన్నాం. పూజ దగ్గర నిలబడదు, పాట పాడుతుంది, నీళ్లు పోస్తుంది. నాయక్‌తో ముందే మాట్లాడాం. "పిల్ల తండాదే కదా, అడిగేదేముంది" అని ఆయన బుట్టకు చోటు చూపించాడు.

సంఘంలో మాత్రం అంత తేలికగా జరగలేదు. రెండు కుటుంబాలు మాతో ప్రార్థనకు కూర్చోవడం మానేశాయి. ఒక ఇంటివాళ్లు మా వాకిట్లో నీళ్లు కూడా ముట్టడం లేదు. వాళ్ల భయం మాకు తెలుసు. ఒకప్పుడు మాదీ అదే భయం. పాస్టరు గారు కోప్పడలేదు, ఒప్పుకోనూ లేదు. ఇంకా ప్రార్థన చేద్దాం అన్నారు.

తొమ్మిదో రోజు చెరువు కట్ట మీద యాడి మా బిడ్డ పక్కన నిలబడి పాడింది. సగం పాట మరిచిపోయింది, మిగతాది పిల్లలే అందించారు. బడిలో మేము నోరు మూయించిన పిల్ల కూడా ఆ గుంపులోనే ఉంది. మమ్మల్ని చూసి పాట ఆపబోయింది. పాడమన్నాం.